కింద రాలిన రెమ్మ

చెట్టు మొదట్లో గడ్డి పక్కకు తీసి చూసింది గ్వెండా ప్రౌస్. మాను చుట్టూ వరసగా బెజ్జాలు. ఎవరో బర్మాతో తొలిచి, లోపల మందు పోసి, పైన మట్టి మెత్తి, ఏమీ ఎరగనట్టు గడ్డి కప్పేసి వెళ్ళిపోయారు. తల ఎత్తి చూస్తే పైనున్న కొమ్మలన్నీ మాడిన రొట్టె రంగులో ఉన్నాయి. సెప్టెంబరు నెల, ఈ దక్షిణ దేశంలో వసంతం. హెరన్ బే గట్టున మిగతా జామాయిల్ జాతి గమ్ చెట్లన్నీ ఎర్రటి లేత చిగుళ్ళు వేస్తుంటే, అన్నిటికంటే ఎత్తైన ఈ ఒక్కటీ నిలువునా చచ్చిపోతోంది.

"ఛీ, వీళ్ళూ మనుషులేనా" అంది గ్వెండా, పక్కన ఎవరూ లేకపోయినా. అని, నేరుగా గట్టు మీది గాజు మేడ వైపు చూసింది.

ఆ మేడ క్లైవ్ హెగార్టీది. కార్లు కడిగే షాపులు వరసగా పెట్టి, బాగా నడుస్తుండగానే అన్నీ అమ్మేసి, ఆ సొమ్ముతో ఇక్కడ దిగాడు. దిగీ దిగగానే ఇంటి ముందున్న నిజం గడ్డి పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. ఎండ ముదిరితే అది కాలిన చెప్పుల కంపు కొడుతుంది. గ్వెండా ఆ దారిన పోతే ముక్కు మూసుకునే పోతుంది, మూసుకున్నట్టు అతనికి కనబడేలా కూడా చూసుకుంటుంది. ప్రతి వేసవిలో మాను బెరడు ఊడి తన ఈత కొలనులో పడుతోందని కౌన్సిల్‌కు ఫిర్యాదు పెడతాడు. ఆకులు ఊదే మిషన్ ఒకటి భుజాన వేసుకుని, తన పెరట్లో రాలినవన్నీ కంచె దాటించి అడవిలోకి తోలేస్తాడు. ఈ చెట్టు గనక లేకపోతే అతను సోఫాలో కాళ్ళు చాపుకుని నీళ్ళూ, పడవలూ, అవతలి కొండా అన్నీ చూసుకోవచ్చు. దోషి ఎవరో హెరన్ బేలో పసిపిల్లని అడిగినా చెబుతుంది.

అడిగిన వాళ్ళకు క్లైవ్ చెప్పిన సమాధానం కూడా ఒళ్ళు మండించేదే. బీరు డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "నేను చెయ్యలేదు. చెయ్యలేదు గానీ, ఏడవమంటే మాత్రం ఏడుపు రావట్లేదు" అన్నాడు. అలా అన్నవాడు చెయ్యలేదంటే ఎవరు నమ్ముతారు?

కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. చూసినవాళ్ళు లేరు, సాక్ష్యం లేదు, కాబట్టి ఇలాంటప్పుడు వాళ్ళు మామూలుగా చేసేదే చేశారు. రెండు ఇనుప స్తంభాలు పాతి, క్లైవ్ కిటికీకి ఎదురుగా పడవ తెరచాపంత బ్యానరు కట్టారు. 'ఇక్కడ చెట్టుకు విషం పెట్టారు. తెలిసినవాళ్ళు చెప్పండి' అని దాని మీద పెద్ద అక్షరాలు. దాని వెనక మళ్ళీ చెట్లు నాటుతారు. అవి ఎదిగి ఆ కిటికీకి అడ్డం వచ్చేదాకా బ్యానరు దిగదు. స్తంభాలు పాతేటప్పుడు గ్వెండా దగ్గరుండి, ఇంకాస్త ఇటు, ఇంకాస్త ఇటు అంటూ, సోఫాలో కూర్చున్నవాడికి గుక్కెడు నీళ్ళు కూడా కనబడకుండా సరిచేయించింది.

ఆ తర్వాత క్లైవ్‌ను ఊరు ఊరంతా వెలేసినట్టే చూసింది. కాఫీ షాపు పిల్ల అతని కప్పు చల్లారాక గానీ పిలిచేది కాదు. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బులో అతనికి జోడీగా ఆడటానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఎవరో అతని ఉత్తరాల డబ్బా పిడికి కుక్క పెంట పులిమిపోయారు, అతను చూసుకోకుండా పట్టుకున్నాడు. ఆ కబురు విని గ్వెండా నవ్విన నవ్వుకు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత్తర్వాత ఆమెకే రోత పుట్టేది గానీ, ఆ పూట మాత్రం మనసుకు ఎంతో హాయిగా ఉండింది.

కౌన్సిల్ సమావేశంలో ఆమె లేచి మాట్లాడింది కూడా. మన చెట్టు, మన నేల బిడ్డ, మన తాతల కంటే ముందునుంచీ ఇక్కడ నిలబడ్డ తల్లి అని గొంతు గద్గదం చేసుకుని చెబితే వెనక వరసలో ఇద్దరు ముక్కు చీదారు. అదే నోటితో జులై నెలలో ఆ చెట్టు గురించి ఏమందో ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా, అది వేరే సంగతి అనుకునేదేమో.

గ్వెండా హెరన్ బే అడవి సంరక్షణ జట్టుకు పెద్ద. ప్రతి బుధవారం పొద్దున్నే, ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్ళంతా చేతులకు తొడుగులూ మోకాళ్ళకు మెత్తలూ కట్టుకుని గట్టును ఆనుకున్న లోయలో కలుపు పీకుతారు. వాళ్ళకు ఒకటే మతం. ఈ లోయలో ఈ లోయ మొక్కే ఉండాలి. బయటి దేశం నుంచి వచ్చిన లాంటానా, కర్పూరం చెట్టు సరే సరి, సొంత దేశంలోదే అయినా వేరే చోట పుట్టిన చెట్టంటే వాళ్ళకు గిట్టదు. పక్క లోయ విత్తనం తెచ్చినవాడిని కూడా పైనుంచి కిందకు చూస్తారు. ఏది మనది, ఏది కాదు అన్నది తేల్చేది గ్వెండా. ఆమె ఒక్కసారి అన్నదంటే ఇంక దానికి తిరుగు లేదు.

జులైలో ఒక బుధవారం, పని ఆపి ఆ పెద్ద మాను కింద కూర్చుని ఫ్లాస్కుల్లో టీ, కొబ్బరి బిస్కెట్లు కానిస్తున్నారు. గ్వెండా ఊసుపోక పక్కన రాలి ఉన్న పచ్చి రెమ్మ అందుకుని ఆకు నలిపింది. నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది.

మచ్చల గమ్ అని ఒకటుంది, నిమ్మ గమ్ అని ఒకటుంది. రెండూ మన జామాయిల్‌కు దగ్గరి చుట్టాలే. పక్కపక్కన నిలబెడితే కవల పిల్లల్లా ఉంటాయి. అదే నున్నటి మాను, బెరడు రేకులుగా ఊడినచోట అవే బూడిదరంగు మచ్చలు, కుండ ఆకారంలో అవే కాయలు. తేడా ఒక్క ఆకు వాసనలోనే తెలుస్తుంది. నలిపితే నిమ్మ వాసన కొట్టేది ఉత్తరాన క్వీన్స్‌లాండ్ చెట్టు, అలంకారానికని జనం తెచ్చి నాటుకున్నది. కొట్టనిది ఈ లోయ సొంతం. చూద్దామంటే ఈ మానుకు అన్నిటికంటే కింది కొమ్మ కూడా మూడంతస్తుల పైన ఉంటుంది. ఎవరికీ చెయ్యి అందదు గనక కింద రాలిందే చేతికి దొరికేది.

"ఇన్నేళ్ళూ దీన్ని మన మచ్చల గమ్మే అనుకుంటూ వచ్చాం" అంది గ్వెండా, ఆకు నలిపిన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని. "ఇది మనది కాదు. ఎవడో తెచ్చి పాతిన నిమ్మ గమ్. దీని గింజ రాలితే లోయ మొత్తం పాడు." మూతి ముడిచి ఆ రెమ్మను కలుపు సంచిలో పారేసింది. అంత చెట్టును ముట్టుకోవడానికి కౌన్సిల్ ఎలాగూ ఒప్పుకోదని అందరికీ తెలుసు. అయ్యో అనుకున్నారు, ఇంకో బిస్కెట్టు తిన్నారు, మర్చిపోయారు.

ఒక్కరు మర్చిపోలేదు.

డిసెంబరులో చెట్టు పూర్తిగా ఎండిపోయింది. కింద నడిచే దారి ఉంది గనక కౌన్సిల్ వాళ్ళు ఒక చెట్టెక్కే మనిషిని పెట్టి కొమ్మలన్నీ కొట్టించారు. మొండి మానును మాత్రం అలాగే నిలబెట్టారు, చేసినవాడి కళ్ళకు రోజూ కనబడాలని. గుట్టగా పడిన కొమ్మల్లోంచి గ్వెండా ఒక ఆకు తుంచి నలిపింది. వాసన లేదు. ఎండు ఆకే అయినా నిమ్మ గమ్ ఆకు కొట్టక మానదు. ఇంకో కొమ్మ చూసింది. ఇంకోటి. వేళ్ళు పొడి పొడి అయ్యాయి తప్ప నిమ్మ జాడ లేదు. విషం వాసనను కూడా చంపేసి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చెప్పుకుంటూనే కాయలు కోసి ఒక కాగితం సంచిలో పోసుకుంది, ఎందుకో తనకే సరిగ్గా తెలియకుండా.

పోతూ పోతూ మాను మొదట్లో ఆగింది. ముందురోజు కుండపోతగా వాన కురిసింది. బెజ్జాలకు మెత్తిన మట్టి కరిగి జారిపోయి ఉంది. ఒక బెజ్జంలోంచి సన్నగా నీలి చార బెరడు మీదికి దిగింది. గ్వెండా కత్తెర మొన పెట్టి లోపల గీరింది. మొనకు నీలం అంటుకుంది.

కర్పూరం చెట్టును చంపే పద్ధతి జట్టుకు నేర్పింది గ్వెండాయే. బర్మాను కిందకు వాలుగా పట్టుకోవాలి, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి, తొలిచిన మరుక్షణమే మందు పొయ్యాలి. ఆలస్యమైతే చెట్టు గాయాన్ని మూసేసుకుంటుంది. ఏది పోశామో ఏది పొయ్యలేదో తెలియడానికి మందులో నీలి రంగు కలుపుతారు. ఈ మాను బెజ్జాలు కిందకు వాలుగా ఉన్నాయి. రెండు వేళ్ళ ఎడంలో ఉన్నాయి. క్లైవ్ హెగార్టీలాంటివాడు విషం పోస్తే డబ్బా తిరగేసి పోస్తాడు గానీ, ఇంత శ్రద్ధగా రంగు కలుపుకుని, పని నేర్చినవాడిలా పోస్తాడా? గ్వెండాకు ఒళ్ళంతా జిగురు పూసినట్టు అనిపించింది. రంగు కలిపేదీ, మందుల షెడ్డు తాళం చెవి పెట్టుకునేదీ జట్టులో ఒక్కరే.

ఐల్సా కెంబుల్ గ్వెండాకు ముప్పై ఏళ్ళ స్నేహితురాలు. బడి లైబ్రరీలో పని చేసి దిగిపోయింది, పిట్టంత మనిషి, ఎవరి మాటకూ ఎదురు చెప్పదు. గ్వెండా వెళ్ళేసరికి వంటింట్లో రొట్టె ముక్కలకు నల్లటి వెజిమైట్ ముద్ద రాస్తోంది.

"ఆ మాను బెజ్జాల్లో నీలం ఉంది ఐల్సా" అంది గ్వెండా, కూర్చోకుండానే.

"ఉంటుంది. నేనే కలిపాగా." ఐల్సా రొట్టె రాయడం ఆపలేదు. "నీకు తెలుసనుకున్నా. తెలిసే ఆ క్లైవ్ మీద తోశావనుకున్నా. పైకి అనలేదు గానీ, ఎంత తెలివిగా చేశావో అనుకున్నా."

గ్వెండా అప్పుడు కూర్చుంది. తను అంత నీచురాలని ముప్పై ఏళ్ళ స్నేహితురాలు ఇంత మామూలుగా అనుకోగలిగింది, పైగా మెచ్చుకుంది.

"నేనెందుకు చంపమంటానే అంత చెట్టుని?"

"నువ్వేగా మనది కాదన్నావు. గింజ రాలితే లోయ మొత్తం పాడన్నావు."

"అన్నాను. చంపమన్నానా?"

"కర్పూరం చెట్లను మాత్రం ఎప్పుడు చంపమన్నావు? ఫలానాది మనది కాదంటావు. మర్నాడు మేం బర్మా పట్టుకెళ్తాం. ఇన్నేళ్ళూ ఇదేగా మన పద్ధతి." ఐల్సా ప్లేటు ముందుకు జరిపింది. "ఆ క్లైవ్‌గాడి గురించైతే బెంగ పెట్టుకోకు. ఇవాళ కాకపోతే రేపు వాడే చేసేవాడు. వాడి మొహానికి ఆ పెంట చాల్లే."

సరిగ్గా ఆ మాటే, కాస్త మర్యాదగా, గ్వెండా మనసులో అప్పటికే మెదిలింది. ఇంకొకరి నోట వినేసరికి అది పెంట కంటే కంపు కొట్టింది. ఎండిన ఆకుల వాసన సంగతి మాత్రం ఎత్తలేదు. అది తప్పని తేలలేదుగా ఇంకా అనుకుంది. నిజం బయటపెడితే ఐల్సా కోర్టు మెట్లెక్కాలి. పెట్టకపోతే చెయ్యని పాపం క్లైవ్ నెత్తిన ఊరేగుతూ ఉంటుంది. గ్వెండా రొట్టె ముట్టుకోకుండా ఇంటికొచ్చి, వేసవంతా నోరు కుట్టేసుకుని కూర్చుంది.

కాగితం సంచిని ఎండ పడే కిటికీలో పెడితే కాయలు వాటంతటవే నోళ్ళు తెరిచి నల్లటి నలుసుల్లాంటి గింజలు రాల్చాయి. గ్వెండా ఇసక మట్టి జల్లించి, ట్రేలో పరిచి, గింజలు చల్లి, పైన వేలి గోరంత మందాన ఇసక కప్పింది. నీళ్ళు పైనుంచి పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. అందుకని ట్రేనే నీళ్ళలో నిలిపి అడుగునుంచి తడి పీల్చుకోనిచ్చింది. మొలకెత్తాయి. రెండు జతల ఆకులు రాగానే ఒక్కొక్కటీ పుల్లతో లేపి, వేరు వంగకుండా సన్నటి పొడుగు కుండీల్లోకి మార్చింది. ఇదంతా ఏళ్ళ తరబడి చేసిన పనే, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఈసారి మాత్రం ఆ చేతుల్ని చూస్తుంటేనే ఆమెకు చీదర వేసింది.

మొక్కలు జానెడు ఎదిగాయి. లేత వయసులో ఈ రెండు చెట్లకూ ఆకుల మీద ముళ్ళలా గరుకు నూగు ఉంటుంది, తామరాకుకు ఉన్నట్టు తొడిమ ఆకు అడుగున వచ్చి అతుక్కుంటుంది. అప్పుడు కూడా వాసన చూసే తేల్చుకోవాలి. నిమ్మ గమ్ అయితే మొక్క అంతుండగానే, చేత్తో తడిమితే చాలు, గదంతా నిమ్మ వాసనతో నిండిపోతుంది. గ్వెండా ఒక ఆకు నలిపింది. మామూలు జిగురు వాసన. పక్క కుండీ. ఆ పక్క కుండీ. ఒక ట్రే అయ్యాక రెండో ట్రే. చివరి మొక్క దాకా నలిపి చూసింది, ఒక్కటైనా తనను కాపాడుతుందేమోనని. ఏదీ కాపాడలేదు. ఆ మాను ఈ లోయదే. ఈ లోయలో అంతకంటే సొంతమైన చెట్టు ఇంకోటి లేదు.

మరి ఆ రెమ్మ? ఆ జవాబు మర్నాడు సాయంత్రం కళ్ళముందే దొరికింది. గ్వెండా మొండి మాను దగ్గర నిలబడి ఉంటే, ఒక తెల్ల కాకటూ చిలుక బౌలింగ్ క్లబ్బు వైపు నుంచి ఎగిరొచ్చి మాను మీద వాలింది. క్లబ్బు వాకిట్లో ఎప్పుడో నాటిన నిమ్మ గమ్ ఒకటుంది. చిలుక దాన్నుంచి కొరికి తెచ్చిన రెమ్మను కాలితో పట్టుకుని కాయలు పటపటా కొరికి తిని, మిగిలింది కిందకు వదిలేసి, రేకు డబ్బా గీకినట్టు అరుచుకుంటూ పోయింది. గ్వెండా ఆ రెమ్మ తీసి వాసన చూసింది. నిమ్మ.

కింద రాలింది నమ్మొద్దు, పైనుంచి కోసిందే నమ్మాలి అని జట్టులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేది తనే. చెప్పడమే గానీ తను మాత్రం టీ కప్పు పక్కన పెట్టకుండా, మెడ ఎత్తకుండా, చిలుక ఎంగిలి చూసి తీర్పు చెప్పేసింది. అంత మాను ఆ తీర్పుకు చచ్చింది. గ్వెండా తుప్పల పక్కన వంగి వాంతి చేసుకుంది.

ఆ మర్నాడే క్లైవ్ ఇంటికి వెళ్ళింది. ప్లాస్టిక్ గడ్డి మీద నడుస్తుంటే చెప్పుల కింద కరకరమంది. క్లైవ్ తలుపు తీసి, ఈవిడ గుమ్మంలో నిలబడటం కలేమో అన్నట్టు చూశాడు. గ్వెండా దాచకుండా చెప్పింది. చెట్టు మనది కాదని పొరపాటుగా చెప్పింది తనేనని, ఆ మాట నమ్మి బెజ్జాలు వేసింది ఐల్సా అని, ఇందులో అతని తప్పేమీ లేదని, ఊరందరి ముందూ తను క్షమాపణ చెప్పుకుంటానని. చెబుతున్నంతసేపూ, ఇతను పాపం ఎంత కుమిలిపోయాడో, ఎక్కడ ఏడుస్తాడో అని భయపడింది.

క్లైవ్ ఏడవలేదు. నింపాదిగా బీరు డబ్బా మూత తీశాడు.

"ఎనిమిది నెల్లుగా ఈ ఊళ్ళో నాకు ఎవడూ గుడ్ మార్నింగ్ చెప్పలేదు గ్వెండా గారూ. పెంట కడుక్కున్నాను. ఉత్త క్షమాపణ నేనేం చేసుకోను?" కిటికీ బయట రెపరెపలాడుతున్న బ్యానరు వైపు గడ్డం ఎగరేశాడు. "ఓ పని చెయ్యండి. మీ ఐల్సా పేరు నా నోటమ్మట రాదు. కౌన్సిల్‌కు నేను ఏమీ చెప్పను, మీరూ చెప్పకండి. చేసింది నేను కాదని మాత్రం ఊళ్ళో ఏదో ఒకటి సర్దిచెప్పి ఆ గుడ్డ దింపించండి. దాని వెనక చెట్లు గిట్లు పెట్టకండి. ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి. అంతే నేనడిగేది."

ఇతనే. మొదటినుంచీ తను అనుకున్న మనిషే, ఇసుమంత కూడా తేడా లేదు. నేరం చెయ్యలేదు, అంతే. ఆ సోఫా, ఆ డబ్బా, ఆ నవ్వు చూస్తుంటే గ్వెండాకు ఒళ్ళు కంపరమెత్తింది. ఆలోచించుకుని చెబుతానని లేచింది. బయటికొచ్చి పది అడుగులు వేశాక గానీ తను నిజంగానే ఆలోచిస్తోందని ఆమెకు తెలియలేదు. మొక్కల్ని లోయలో ఇంకో మూల నాటుకోవచ్చు. ఐల్సాకు కోర్టు తప్పుతుంది. జట్టు పరువు దక్కుతుంది. అందరికీ మంచిదే, ఆ ఒక్క చోటు తప్ప. ఇంత తొందరగా, ఇంత చక్కగా లెక్క కుదిరిందంటే తనకూ ఆ సోఫాలోవాడికీ తేడా ఏముందో ఆమెకు అంతుబట్టలేదు. కాళ్ళు మాత్రం ఐల్సా ఇంటివైపే నడిచాయి.

ఈసారి అన్నీ చెప్పింది. ఎండు ఆకుల సంగతి, మొక్కల సంగతి, చిలుక సంగతి, చివరికి క్లైవ్ బేరం సంగతి. చెట్టు మనదే అన్న మాట దగ్గర ఐల్సా చేతిలో కడుగుతున్న కప్పు ఆగిపోయింది. బేరం దగ్గర మళ్ళీ కదిలింది. కడగడం అయ్యాక కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, గ్వెండా మొహంలోకి చూసింది.

"అయితే మన సొంత చెట్టునే చంపాను."

"నా మాట మీద."

"నీ మాట మీదే." ఐల్సా గుమ్మం పక్కనున్న బూట్లు తొడుక్కుంది. "మొక్కలెక్కడున్నాయి?"

గ్వెండాకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఐల్సా ఆమె పెరట్లోంచి కుండీల ట్రే ఎత్తుకుని, పార భుజాన వేసుకుని గట్టు దిగుతోంది. గ్వెండా నీళ్ళ డబ్బా పట్టుకుని ఆ వెనకే నడిచింది. పోయి పోయి ఐల్సా సరిగ్గా బ్యానరు వెనక, క్లైవ్ కిటికీకి నడిమధ్యన ఆగింది. ట్రే కింద పెట్టి, ఒక మొక్క ఆకు తుంచి నలిపి, కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఇంకో మొక్కది. గ్వెండా పక్కనే ఉంది గానీ, ఐల్సా ఆమెను ఏమీ అడగలేదు. తనకు తనే తల ఊపుకుని పార అందుకుంది.

పార చప్పుడు విని క్లైవ్ ప్లాస్టిక్ గడ్డి అంచుదాకా వచ్చాడు.

"ఏమండీ, ఇదేనా మనం అనుకుంది?" అన్నాడు గ్వెండాతో.

ఐల్సా నడుము ఎత్తకుండానే బదులిచ్చింది. "మీరు అనుకుంది ఆవిడతో. చంపింది నేను. ఐల్సా కెంబుల్, రెండో వీధి. ఫోన్ చేతిలోనే ఉందిగా, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి. ఈలోపు ఇవి నాటేస్తా."

"నా పేరు కూడా చెప్పండి" అంది గ్వెండా. క్లైవ్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఛీ అని, ఫోన్ చెవికి పెట్టుకుని లోపలికి పోయాడు.

ఐల్సా గొయ్యి తవ్వి మొక్కను చేతిలోకి తీసుకుంది. గొయ్యి కొంచెం లోతుగా ఉన్నట్టు గ్వెండాకు అనిపించింది. అలవాటు కొద్దీ వంగింది. "అంత లోతు అక్కర్లేదు ఐల్సా, మొదలు మట్టిలో—"

"నువ్వు నోరు ముయ్యి గ్వెండా" అంది ఐల్సా. గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పింది విని చేసింది చాలు."

ముప్పై ఏళ్ళలో ఐల్సా ఆమెను అంత మాట అనడం ఇదే మొదలు. గ్వెండా వెనక్కి జరిగింది. ఐల్సా మొక్కను గోతిలో పెట్టి, తనే చూసుకుని, తనే కాస్త పైకి లేపి, చుట్టూ మట్టి సర్దింది. గ్వెండా డబ్బా తీసుకుని ఇంకో విడత నీళ్ళు తేవడానికి లోయలోని వాగు వైపు దిగింది.